బడి మానేసిన అమ్మాయి పెట్టిన బడులు: దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఢిల్లీలో ఉండి వచ్చిన పిల్లలకు పింక్ లైను మెట్రోలో ధౌలా కువా దగ్గరి స్టేషను గుర్తుండే ఉంటుంది. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. చెన్నై నుంచి బదిలీ మీద వచ్చిన పిల్లలు ఆమె పేరున్న రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగి ఉంటారు. హైదరాబాదు విద్యానగర్‌లో ఉన్నవాళ్ళకు ఆ పేరుతో ఆసుపత్రి తెలుసు. దేశ్‌ముఖ్ అన్న ఇంటిపేరు చూసి ఆవిడ మరాఠీ ఆవిడ అనుకునేవాళ్ళే ఎక్కువ. కాదు, ఆమె మన గోదావరి జిల్లా ఆడపడుచు. 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు.

స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె గురించి మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు ఉండవచ్చు. మేము చెప్పదలుచుకున్నది వేరే సంగతి. చదువులో వెనకబడ్డ మనిషిని చదువుకు సిద్ధం చేయడం ఎలా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆమె జీవితం దాదాపు అరవై ఏళ్ళు తిరిగింది. ఆ ప్రశ్న మన బడికి కొత్తది కాదు.

ఉక్కు ఊరి పక్కనే ఉంటున్నాం కనుక ఉక్కు సంగతితోనే మొదలుపెడతాం. దల్లీ రాజహరా గనుల్లోంచి తవ్విన ఇనుప రాయిని తెచ్చింది తెచ్చినట్టు కొలిమిలో పోయరు. పగలగొడతారు, జల్లిస్తారు. మరీ పొడిగా ఉన్నదాన్ని సున్నపురాయితో, కోకు పొడితో కలిపి కాల్చి గడ్డలు కట్టిస్తారు. దాన్ని సింటర్ అంటారని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. అదంతా అయ్యాకే బ్లాస్ట్ ఫర్నేస్. పిల్లలు రాళ్ళు కారు, ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. కానీ కొలిమికి ముందు జరిగే పని ఒకటి ఉంటుందని భిలాయి పిల్లలకు చెప్పడం తేలిక.

బడిలో ఆ ముందు పని అంటే ఏమిటి? నవంబరులో టి.సి. పట్టుకుని ఒక పిల్ల వచ్చి తరగతిలో కూర్చుంటుంది. వెనకటి ఊళ్ళో భిన్నాలు ఇంకా మొదలుపెట్టలేదు, ఇక్కడ అయిపోయాయి. అక్కడ స్నేహితులు తెలుగులో మాట్లాడేవారు, ఇక్కడ ఇంటర్వెల్లో హిందీ, ఉతై బజారులో ఛత్తీస్‌గఢీ. ఆ పిల్లకు తెలివి లేక కాదు. పాఠానికీ ఆమెకూ మధ్య రెండు మూడు మెట్లు విరిగి ఉన్నాయి. ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతూ మేము ఇలాంటి పిల్లల్ని ప్రతి చోటా చూశాం. విరిగిన మెట్టు వేయడం ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. పక్క క్వార్టర్లో లెక్కలు తెలిసిన అక్క, సాయంత్రం పూట ఒక గది, కాస్త ఫలహారం, తనతోపాటు తడబడే ఇంకో ఇద్దరు పిల్లలు, ఇవన్నీ కావాలి. ఇప్పుడు మన బడుల్లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటపాటలతో విద్యాప్రవేశ్ నడుస్తోంది. ఊళ్ళోవాళ్ళు, చదువుకున్న పెద్దలు వచ్చి బడికి సాయపడేందుకు విద్యాంజలి ఉంది. ఈ పేర్లేవీ పుట్టకముందే, ప్రభుత్వం సాయం అందకముందే దుర్గాబాయి ఈ పనిలో దిగారు. అప్పటికి ఆమె మీ వయసు పిల్ల.

ఆమె బడి మానేసిన కథ చాలామందికి తెలుసు. జాతీయోద్యమం వేడిగా ఉన్న రోజులు. పన్నెండేళ్ళ వయసులో, చదువు ఇంగ్లీషులోనే సాగాలన్న పద్ధతిని నిరసిస్తూ ఆమె బడికి వెళ్ళడం మానేశారు. ఇది వినగానే హోమ్‌వర్క్ పుస్తకం మూసేసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు ఉంటారు, మాకు తెలుసు. ఆ మానేసిన చదువును తిరిగి పట్టుకోవడానికి ఆమెకు పన్నెండేళ్ళకు పైగా పట్టింది, ఆ వెల ఎంతో ముందు ముందు చూస్తారు.

బడి మానేసిన అమ్మాయి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టారు. అప్పట్లో హిందీ జాతీయోద్యమపు భాష. ఉత్తరాది నుంచి వచ్చే నాయకుల ఉపన్యాసాలు అర్థం కావాలన్నా, సభల్లో స్వచ్ఛంద సేవకులుగా పనిచేయాలన్నా అది కావాలి. మగవాళ్ళు ఎలాగో నేర్చుకుంటున్నారు. ఇంటి పనుల మధ్య ఉన్న ఆడవాళ్ళకు ఎవరు నేర్పుతారు? పన్నెండు పదమూడేళ్ళ పిల్ల పెద్దవాళ్ళైన ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం ఊహించుకోండి. తల్లి కృష్ణవేణమ్మ గారు ఆమెకు తోడు నిలిచారు. ఊళ్ళో ఇల్లాళ్ళు వచ్చారు. ప్రభుత్వ గుర్తింపు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఇళ్ళవాళ్ళ నమ్మకం మీదే ఆ బడి నడిచింది.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆ బడిలో తయారైనవాళ్ళు స్వచ్ఛంద సేవకులుగా పనికొచ్చారు. దుర్గాబాయిని ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర నిలబెట్టారు. టికెట్టు లేనివాళ్ళను లోపలికి పంపకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ గారు టికెట్టు లేకుండా వస్తే ఆమె ఆపేశారు. నిర్వాహకులు కంగారు పడి కోప్పడినా ఆమె తగ్గలేదు. టికెట్టు కొని తెచ్చాకే ఆయన్ను లోపలికి పంపారు. ఆమె పని చేసిన తీరు నెహ్రూ గారికి నచ్చింది కూడా. గేటు దగ్గర డ్యూటీ అంటే ఏమిటో ఉతైలో, సి.ఐ.ఎస్.ఎఫ్. శిక్షణ కేంద్రం ఉన్న ఊళ్ళో, పిల్లలకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకో సంఘటన దీనికన్నా పెద్దది, ఎందుకో తక్కువమంది చెబుతారు. గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, సమాజం చిన్నచూపు చూసిన దేవదాసీ స్త్రీలకూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలకూ ఆయన్ని విడిగా కలిసే ఏర్పాటు చేయాలని దుర్గాబాయి పట్టుబట్టారు. మామూలు సభకు వాళ్ళు రాలేరు. ఒకరికి అవమానం అడ్డు, ఇంకొకరికి ఆచారం అడ్డు. నిర్వాహకులు అయిదువేల రూపాయలు విరాళం తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగు చేశారు. చోటు కావాల్సి వస్తే ఒక బడి ఆవరణ దొరికింది. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా మాట్లాడారు. ఆ కాసేపట్లో ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. అంతా కలిపితే పాతికవేల దాకా అయిందని చెబుతారు. మాకు ఆ మొత్తం కన్నా ఆ బడి ఆవరణ ముఖ్యమనిపిస్తుంది. సభకు రాలేనివాళ్ళ కోసం సభనే వాళ్ళు రాగలిగిన చోటికి మార్చారు. ఆమె తర్వాత చేసిన పెద్ద పనులన్నిటిలో ఈ చిన్న ఏర్పాటు నీడ కనిపిస్తుంది.

ఆమె ఇంట్లోనూ ఒక ముడి ఉంది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. అది ఆ కాలపు అలవాటు. పదిహేనేళ్ళు వచ్చి, పెళ్ళంటే ఏమిటో తెలిశాక, ఆ కాపురానికి వెళ్ళనని ఆమె చెప్పేశారు. ఆయన్ను మరో పెళ్ళి చేసుకోమన్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో మీ అమ్మమ్మను అడగండి. చాలా ఏళ్ళ తర్వాత ఆయన పోయినప్పుడు, ఆయన భార్యకు పని నేర్పించి సొంత కాళ్ళ మీద నిలబడేలా చేసింది కూడా దుర్గాబాయే.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి వంటి నాయకులతో కలిసి ఆమె పాల్గొన్నారు. 1930 నుంచి 1933 లోగా మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వేలూరు జైలు, తర్వాత మధుర జైలు. మధురలో ఒంటరి గదిలో పెట్టారు, ఆరోగ్యం బాగా దెబ్బతింది. జైల్లో ఆమె తోటి స్త్రీ ఖైదీలను దగ్గరగా చూశారు. చదువు లేక, తమ మీద మోపిన నేరం ఏమిటో సరిగా తెలియక, చేయని తప్పు ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్నవాళ్ళు అక్కడ ఉన్నారు. వీళ్ళ తరఫున మాట్లాడాలంటే చట్టం తెలియాలి. చట్టం చదవాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి ఇంటర్, ఇంటర్‌కు మెట్రిక్. ఆమె చేతిలో మెట్రిక్ లేదు. పన్నెండో ఏట వదిలేసిన ఇంగ్లీషు ఇప్పుడు అడ్డంగా నిలబడింది.

ఇరవై దాటి నాలుగైదేళ్ళైన మనిషి, ఊరంతా ఎరిగిన నాయకురాలు, మళ్ళీ ఇంగ్లీషు పాఠాల దగ్గర కూర్చోవడం మాటలు కాదు. బడికి వెళ్ళే వయసు దాటింది. అందుకని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ప్యాసయ్యారు. ఇంటర్ కూడా అక్కడే. ఆ తర్వాత బి.ఏ. ఆనర్స్‌కు వాల్తేరు వచ్చారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. అప్పుడు అక్కడ ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. సీటు సంగతి ఎలా ఉన్నా, ఆడపిల్లలు ఉండటానికి హాస్టల్ లేదన్నారు. ఇంతటితో చాలామంది చదువులు ఆగిపోయేవి. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక విశ్వవిద్యాలయంలో చేరలేకపోతున్న ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు రాయమన్నారు. పదిమంది దాకా ముందుకు వచ్చారు. వాళ్ళంతా కలిసి హాస్టల్ నడుపుకున్నారు. ఇక చేర్చుకోక తప్పలేదు.

ఈ కథ చదివిన ప్రతిసారీ మేము ఆ పదిమంది గురించి ఆలోచిస్తాం. ప్రకటన వేయకముందు ఆ పదిమందీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఈ కష్టం తమ ఒక్కరిదే అనుకుని ఉంటారు. 1939లో ఆమె బి.ఏ. ఆనర్స్, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. ముప్పై మూడేళ్ళ వయసులో నల్లకోటు వేసుకున్నారు. మధ్యలో పోయిన ఏళ్ళ లెక్క మీరే వేసుకోండి.

ఇంతలో మద్రాసు మైలాపూరులో మరో పని మొదలైంది. 1937లో ఇరుగుపొరుగు ఆడపిల్లల్ని పోగేసి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే చిన్న క్లబ్బు పెట్టారు. పేరు చూస్తే నవ్వొస్తుంది, పిల్లలు పాటలు పాడుకోవడానికి, ఆడుకోవడానికి పెట్టిన క్లబ్బులాగే ఉంటుంది. పిల్లలు వచ్చిన ఇంటికి వాళ్ళ అమ్మలు వచ్చారు, పెద్దమ్మలు వచ్చారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. చిన్నప్పుడే పెళ్ళై చదువు ఆగిపోయినవాళ్ళు, భర్త పోయి పుట్టింటికి చేరినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. చదువుకోవాలని ఉంది, పాతికేళ్ళ మనిషిని ఏ బడి అయిదో తరగతిలో కూర్చోబెట్టుకుంటుంది? దుర్గాబాయి తాను నడిచిన దారే వాళ్ళకూ చూపించారు. రెండేళ్ళు కష్టపడి చదివించి బనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడం. ఆ క్లబ్బే ఆంధ్ర మహిళా సభ అయింది.

సభ నడిచిన పద్ధతి చూడండి. ఒకరు చందా ఇస్తారు, ఒకరు వచ్చి పాఠం చెబుతారు, ఒకరు వంటకు సామాను పంపిస్తారు. దుర్గాబాయి ఇంటింటికీ తిరిగి అడిగేవారు. అడగడంలో ఆమెకు మొహమాటం లేదు. చదువుతోపాటు కుట్టుపని, చేతిపనులు నేర్పేవారు. ఎందుకంటే మెట్రిక్ ప్యాసయ్యేదాకా ఆకలి ఆగదు. ఆంధ్ర మహిళ అనే పత్రిక కూడా నడిపారు. రానురాను సభ కింద ఆసుపత్రి, హాస్టళ్ళు, కళాశాలలు వచ్చాయి, మద్రాసులోనూ హైదరాబాదులోనూ. పిల్లల ఆటల క్లబ్బుగా మొదలైన దానికి ఇదంతా కొనసాగింపు.

1946లో ఆమె మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్ళారు. సభ అధ్యక్షుడు లేనప్పుడు సమావేశాలు నడిపే పానెల్‌లో ఆమె ఒక్కరే స్త్రీ. ఈ భాగం మీకు పుస్తకాల్లో దొరుకుతుంది కనుక మేము ఇక్కడ ఆగడం లేదు.

1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఆ ఓటమి వల్లే మన కథకు కావాల్సిన పని జరిగింది. ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవా సంస్థలకు సాయంగా నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్నది ప్రశ్న. ప్రభుత్వమే నేరుగా ప్రతి ఊళ్ళో ఆఫీసు తెరిస్తే సగం డబ్బు కుర్చీలకూ బల్లలకూ పోతుంది. అలా కాక, అప్పటికే ఊళ్ళలో పనిచేస్తున్న సంఘాలకు అందించే ఏర్పాటుగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి.

మండలి పద్ధతి మైలాపూరు పద్ధతే. ఊళ్ళో ఒక మహిళా మండలి ఉంది, ఒక అనాథాశ్రమం ఉంది, వాళ్ళు నిజంగా పనిచేస్తున్నారా అని చూస్తారు. పనిచేస్తుంటే కొంత సొమ్ము ఇస్తారు. మొత్తం ఖర్చు ఇవ్వరు. మిగతాది ఆ ఊరు పూడ్చుకోవాలి, డబ్బుగానో, గదిగానో, మనుషుల శ్రమగానో. 1954 నుంచి గ్రామాల్లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. ఒక్కో పథకం కింద సుమారు పాతిక గ్రామాలు. నడిపించే సంఘంలో ఆ ప్రాంతపు స్త్రీలే ఉంటారు. గ్రామసేవిక, మంత్రసాని, కుట్టుపని నేర్పే టీచరు, చిన్నపిల్లలకు బాల్వాడీ.

బాల్వాడీ దగ్గర కాసేపు ఆగాలి. మూడేళ్ళు నాలుగేళ్ళ పిల్లలకు పాట, ఆట, కాస్త తిండి, శుభ్రం. చూడటానికి ఇది చిన్నపిల్లల సంగతి. కానీ తల్లి పొలానికి వెళ్తే ఆ చిన్నదాన్ని ఎత్తుకుని ఇంట్లో కూర్చునేది ఎనిమిదేళ్ళ అక్క. చెల్లి బాల్వాడీకి వెళ్తే అక్క బడికి వెళ్తుంది. ఆ ఎనిమిదేళ్ళ పిల్లకు పుస్తకం ఇచ్చినా, ఫీజు మాఫీ చేసినా, టీచరు ఎంత మంచివాడైనా, చంకలో చెల్లెలు ఉన్నంతసేపూ ఆమె చదువుకు సిద్ధం కాలేదు. ఈ చిక్కు బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి చూస్తే కనిపించదు. ఆ వీధిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఊరివాళ్ళు లేకుండా ఈ పని కాదని దుర్గాబాయి ఎందుకు పట్టుబట్టారో మాకు ఇక్కడ బాగా అర్థమవుతుంది. మన బడి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిపోయే అక్కలు లేరని ఎవరనగలరు?

ఈ పథకాలు నడుస్తుండగా ఇంకో లోటు తెలిసింది. గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, బాల్వాడీ టీచర్లు కావాలి. ఊళ్ళలో మెట్రిక్ చదివిన ఆడవాళ్ళు దొరకరు. ఇంకోవైపు మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో చదువు ఆగి, బతుకుతెరువు లేక చూస్తున్న స్త్రీలు వేలల్లో ఉన్నారు. ఒక పక్క పని ఉంది, మనిషి లేదు. ఒక పక్క మనిషి ఉంది, పని లేదు. మధ్యలో ఉన్నది ఒక పరీక్ష. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ చదువును రెండేళ్ళలో కుదించి, మిడిల్ లేదా మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం ఆ కోర్సు పని. నడిపేది స్వచ్ఛంద సంస్థ, ఖర్చుకు సాయం మండలిది. చాలాచోట్ల ఉండటానికి చోటు, భోజనం కూడా అక్కడే. మైలాపూరులో కొద్దిమందితో చేసి చూసినది దేశమంతటికీ వచ్చింది.

రెండేళ్ళలో అంత చదువు ఎలా కుదురుతుంది అని పెద్ద తరగతుల పిల్లలు అడగవచ్చు. పెద్దవాళ్ళు పిల్లల్లా మొదటి నుంచీ మొదలుపెట్టరు. పాలవాడి లెక్క, కూలి లెక్క, వడ్డీ లెక్క వాళ్ళకు నోటికి వచ్చు. కాగితం మీద ఎలా రాయాలో తెలియదంతే. వచ్చినదాన్ని గుర్తించి, రానిదాన్ని మాత్రమే నేర్పితే కాలం కలిసివస్తుంది. కొత్త బడికి వచ్చిన పిల్లల విషయంలోనూ మేము ముందు ఇదే చూస్తాం. ఏం రాదు అని కాక, ఏం వచ్చు అని. కేరళ నుంచి వచ్చిన పిల్లకు హిందీ రాకపోవచ్చు, బొమ్మ గీసి సైన్సు మొత్తం చెప్పగలదు.

అదే 1958లో స్త్రీ విద్య మీద జాతీయ సంఘం ఏర్పడితే దానికీ ఆమే అధ్యక్షురాలు. మరుసటి ఏడు నివేదిక ఇచ్చారు. దాన్ని అనుసరించి స్త్రీ విద్యకు జాతీయ మండలి ఏర్పడింది. అంధులకు బడి, హాస్టల్, పనిచోటు కల్పించే పనిలోనూ ఆమె చేయి ఉంది.

1953 జనవరి 22న ఆమె చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. అప్పుడాయన కేంద్ర ఆర్థిక మంత్రి. అంతకుముందు రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు. ఆ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవారిలో నెహ్రూ గారు ఒకరు. అవును, టికెట్టు లేక గేటు దగ్గర ఆగిన నెహ్రూ గారే. దేశ్‌ముఖ్ గారికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. ఐ.సి.ఎస్. ఉద్యోగిగా ఆయన చాలా ఏళ్ళు పనిచేసింది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో. మన దుర్గ్ జిల్లా అప్పుడు అందులోదే. ఆయనా మీ నాన్నల్లా, అమ్మల్లా బదిలీల మనిషే. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో భిలాయి కర్మాగారం ఒప్పందం కుదిరినప్పుడు ఆర్థిక మంత్రి ఆయనే. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ సెక్టార్లలో ఉన్నారు. ఒకే ఇంట్లో ఆయన కర్మాగారాలకు డబ్బు లెక్కలు చూస్తుంటే, ఆమె బాల్వాడీలకు డబ్బు లెక్కలు చూశారు. ఏ లెక్క కష్టమో చెప్పలేం. మాకైతే రెండోదే కష్టమనిపిస్తుంది, ఉక్కు ఎంత వచ్చిందో సాయంత్రానికి తూకం తెలుస్తుంది కదా.

ఆమె తర్వాతి ఏళ్ళు హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభతోనూ, వయోజనుల అక్షరాస్యత పనితోనూ గడిచాయి. ఆ పనికి 1971లో నెహ్రూ సాక్షరతా పురస్కారం వచ్చింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు, అదే ఏడు దేశ్‌ముఖ్ గారికీ ఇచ్చారు. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. మరుసటి ఏడు అక్టోబరు 2న దేశ్‌ముఖ్ గారు పోయారు.

చనిపోవడానికి ముందు ఆమె రెండు పుస్తకాల పని ముగించారు. ఒకటి ఆంధ్ర మహిళా సభ కథ, ద స్టోన్ దట్ స్పీకెత్. రెండోది తమ ఇద్దరి జీవితం, చింతామన్ అండ్ ఐ. ఇంగ్లీషు మీద అలిగి బడి మానేసిన అమ్మాయి ఆ రెండింటినీ ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఎక్కడైనా కంటపడితే తొమ్మిదో తరగతి దాటినవాళ్ళు చదవండి. రాని మాటలు గీత గీసుకుని తెస్తే తెలుగు పీరియడ్లో కూర్చుని చూద్దాం.